అమ్మకాల్లో నంబర్ వన్ సరే, పదిహేనేళ్లకు కూడా గట్టిగా నిలబడే కారులో ఏముంటుంది?

రహదారి_77:

టొయోటా కొరోలా 1966లో మొదలై 2021కల్లా అమ్మకాల్లో 5 కోట్లు దాటింది. హోండా సివిక్ 1972, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ 1974. అదే కంపెనీ బీటిల్ 2003 జూలైలో ఆగేసరికి 2 కోట్ల 15 లక్షల చిల్లర. ఈ లెక్కలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి, నా ప్రశ్న వాటి గురించి కాదు.

ఒక మోడల్ విపరీతంగా అమ్ముడుపోవడానికి కారుతో సంబంధం లేని కారణాలు బోలెడు. షోరూములు ఎక్కువుండొచ్చు, టాక్సీ కంపెనీలు టోకున కొనొచ్చు, లోను తేలిగ్గా దొరకొచ్చు, అసలు పోటీయే లేకపోవచ్చు. అవన్నీ పక్కనపెట్టి ఇనుము, రబ్బరు, వైరింగు మాత్రమే చూస్తే, ఏళ్లు గడిచాక "ఇది నిజంగా గొప్ప బండి" అనడానికి ఏం చూడాలి? చేత్తో ముట్టుకుని, కొలిచి చూడగలిగేవి చెప్పండి. "నమ్మకం", "బ్రాండ్ వాల్యూ" లాంటి మాటలు వద్దు, ప్లీజ్.

పానా_పట్టు:

ర్యాంపు కింద నిలబడి చూసేవాడి లెక్క చెప్తాను. పార్టు పోవడం నేరమేం కాదు, అన్నీ పోతాయి. ఏది ముందు పోతుంది, చెప్పి పోతుందా చెప్పకుండా పోతుందా, దాన్ని తీయడానికి ఇంకెన్ని విప్పాలి. నాకు ఈ మూడు చాలు.

చెప్పి పోయేవంటే వీల్ బేరింగు (60 కి.మీ. వేగం దాటితే గూయ్ మంటుంది), స్టెబిలైజర్ లింకు (గతుకుల్లో టకటక), సీవీ జాయింటు (స్టీరింగు పూర్తిగా తిప్పితే కటకట). ఇవి లక్ష కి.మీ. లోపే పోయినా ఆ మోడల్‌ను నేను తిట్టను. చెప్పకుండా పోయేవి టైమింగ్ బెల్టు (పిస్టన్ల లయకు తగ్గట్టు వాల్వులను నడిపే బెల్టు), ప్లాస్టిక్ కూలెంట్ పైపు, ఆటోమేటిక్ గేర్‌బాక్సులోని కంట్రోల్ యూనిట్. ఎక్కువ ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్ వెళ్లి వాల్వులను గుద్దుతుంది, ఇక హెడ్డు దించాల్సిందే. అలాంటి ఇంజిన్ అయితే బెల్టుతోపాటు టెన్షనరు, ఐడ్లరు (బెల్టును బిగువుగా, దారిలో ఉంచే చక్రాలు), బెల్టే తిప్పే వాటర్ పంపు అయితే అదీ ఒకేసారి మార్చాలి. బెల్టు ఒక్కటే మార్చి మిగతావి మిగుల్చుకుంటే, ఇంకో యాభై వేల కి.మీ.కు పంపు బేరింగు పట్టేసి కొత్త బెల్టునూ లాక్కుపోతుంది.

ఇక విప్పడం. డిజైన్ చేసినవాడికి ఎదటి మనిషి మీద ఎంత గౌరవం ఉందో ఇక్కడే తెలుస్తుంది. ఒకటి దగ్గరగా చూపిస్తా. చాలా జపాన్ కార్ల వెనక డ్రమ్ముల మీద, ముందు డిస్కుల మీద థ్రెడ్ ఉన్న చిన్న రంధ్రాలు రెండు ఉంటాయి, 8 మి.మీ. బోల్టు పట్టేవి. ఏ పనీ లేనట్టు ఖాళీగా కనిపిస్తాయి. పదేళ్లకు డిస్కు హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) తుప్పుతో అతుక్కుపోయినప్పుడు ఆ రెండు రంధ్రాల్లో బోల్టులు పెట్టి అటో చుట్టు ఇటో చుట్టు బిగిస్తూ పోతే, బోల్టు కొన హబ్బును తన్ని డిస్కు దానంతటదే ఊడొస్తుంది. ఆ రంధ్రాలు లేని బండికైతే సుత్తి, వేడి, బూతులు. రెండు రంధ్రాలు వేయడానికి ఫ్యాక్టరీకి పెద్ద ఖర్చేం కాదు, పదేళ్ల తర్వాత విప్పేవాడు ఒకడుంటాడని గుర్తుంటే చాలు.

ఇలాంటివే ఇంకొన్ని:
- వీల్ బేరింగు నాలుగు బోల్టులతో వచ్చే హబ్ యూనిటా, ప్రెస్సు పెట్టి ఎక్కించాల్సినదా?
- లోయర్ ఆర్మ్‌కు బాల్ జాయింటు బోల్టులతో విడిగా వస్తుందా, మొత్తం ఆర్మే కొనాలా?
- స్టార్టర్ మోటారు చేతికి అందుతుందా, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుందా?
- హెడ్‌లైటు బల్బు మార్చడానికి బంపరు దించాలా?

ఒకే స్ట్రట్టు, ఒకే బేరింగు, ఒకే సెన్సరు ఆ కంపెనీ నాలుగు మోడళ్లకు సరిపోతే అది ఇంకో పెద్ద ప్లస్సు. అమ్మకాల సంఖ్య నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. రోడ్డు మీద బండ్లు ఎక్కువుంటే బయటి కంపెనీలు కూడా ఆ పార్టు తయారుచేస్తాయి, ఇరవై ఏళ్లకు కూడా దొరుకుతుంది.

కామ్‌లోబ్:

పానా గారు చెప్పింది ఒక బండికి. మోడల్ పేరు అలాగే ఉండి లోపలి కారు మారుతూ పోయినప్పుడు దాన్ని ఎలా తూచాలన్నది ఇంకో ప్రశ్న.

రెండు రకాల దీర్ఘాయువు ఉంది. మొదటిది ఫోర్డ్ మోడల్ టీ, బీటిల్ రకం. అదే కారును చిన్న చిన్న మార్పులతో లాగడం. మోడల్ టీ 1908 నుంచి 1927 దాకా, కోటిన్నర దాటింది. కానీ దాన్ని ఆపాక తర్వాతి కారు సిద్ధంగా లేదు. 1927 మేలో లైన్ ఆగితే మోడల్ ఏ బయటికొచ్చింది డిసెంబరులో. బీటిల్ 1972 ఫిబ్రవరిలో మోడల్ టీ రికార్డు దాటింది, సరిగ్గా అదే కాలంలో ఫోక్స్‌వ్యాగన్ తర్వాత ఏం చేయాలో తెలియక కొట్టుకుంటోంది. బీటిల్‌ది వెనక ఇంజిను, గాలితో చల్లబడేది, సామాన్ల చోటు తక్కువ. 1974లో గోల్ఫ్ వచ్చాకగాని ఊపిరి పీల్చుకోలేదు. అది బీటిల్‌కు అన్నివిధాలా తిరగేసిన కారు. ముందు ఇంజిను, అడ్డంగా, నీళ్లతో చల్లబడేది, వెనక పెద్ద డోరు.

రెండోది కొరోలా రకం. తరం తరానికి మారుతుంది, కానీ ముందుగా దూకదు. సివిక్ 1972లోనే, గోల్ఫ్ 1974లో ముందు చక్రాల డ్రైవ్‌తో వచ్చాయి. కొరోలా సెడాన్ 1983లో, అయిదో తరంలో మారింది. అదే తరం కూపే ఏఈ86ను మాత్రం వెనక చక్రాల డ్రైవ్‌లోనే ఉంచారు. పదేళ్లు ఆలస్యం. రోడ్ టెస్టు రాసేవాడికి అది పిరికితనం, పదిహేనేళ్లు వాడేవాడికి అది వేరొకరి ఖర్చుతో జరిగిన టెస్టింగు.

అయితే కొరోలాను దేవుడి గదిలో పెట్టకండి. 1990ల చివర్లో వచ్చిన 1జెడ్‌జెడ్-ఎఫ్ఈ ఇంజిన్ తొలి ఏళ్లవి ఆయిల్ తాగుతాయి. పిస్టన్‌లో ఆయిల్ రింగు వెనక, గీకిన ఆయిల్ తిరిగి కిందికి పోవడానికి రంధ్రాలుంటాయి. అవి తక్కువ, చిన్నవి. సర్వీసు ఆలస్యమైతే మసి పట్టి మూసుకుపోతాయి, రింగు గాడిలో బిగుసుకుపోతుంది, ఆయిల్ పైకెళ్లి కాలిపోతుంది. గమ్మత్తేమిటంటే కంప్రెషన్ టెస్టు పెడితే నాలుగు సిలిండర్లూ పాసవుతాయి, ఎందుకంటే పై రెండు రింగులు బాగానే ఉన్నాయి, పాడైంది మూడోది. పొగ కూడా పెద్దగా ఉండదు. డిప్‌స్టిక్ ఒక్కటే నిజం చెబుతుంది. తర్వాతి ఏళ్లలో పిస్టన్ డిజైన్ మార్చారు, సమస్య తగ్గింది.

అందుకే నా కొలత ఇది. తప్పు లేని మోడల్ ఉండదు. తప్పు బయటపడ్డాక అదే తరంలో పార్టు మార్చారా, పాత బండికి కూడా ఆ కొత్త పార్టు పడుతుందా? పార్టు నంబరు చివర అక్షరాలు మారుతూ పోవడం చూడండి. అది ఎవడో కూర్చుని దిద్దుతున్నాడన్న గుర్తు. బ్రోషర్‌లో రాయని మార్పులే పదేళ్లకు పనికొస్తాయి.

నెమ్మది_గేరు:

అంతా బాగుంది గానీ ఎవరూ క్రాష్ మాట ఎత్తలేదేం? మారకుండా నిలబడటం, మన్నడం మాత్రమే గొప్పయితే నిస్సాన్ త్సూరు అన్నిటికంటే గొప్ప కారు అవ్వాలి. 1990ల నాటి సెంట్రా బీ13నే ఆ పేరుతో మెక్సికోలో 2017 దాకా తయారు చేశారు. రిపేరు తేలిక, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, టాక్సీలన్నీ అవే. 2013లో లాటిన్ ఎన్‌క్యాప్ (కార్ల భద్రతకు స్టార్లిచ్చే సంస్థ) గుద్ది చూస్తే సున్నా స్టార్లు, ఎయిర్‌బ్యాగులు లేవు. 2016లో అదే కంపెనీ అమెరికాలో అమ్మే వెర్సాతో ఎదురెదురుగా గుద్దించారు. త్సూరు డ్రైవర్ చోటు మడతలు పడిపోయింది.

బ్రిటన్‌లో రోవర్ 100 కథా అదే. 1980 నాటి మెట్రో, పైపైన దిద్దినది. 1997లో యూరో ఎన్‌క్యాప్ తొలి విడత ఫలితాల్లో ఒక్క స్టారు వచ్చింది, ఆ ఏడాది చివరికల్లా మూతపడింది.

ఇంకో చిక్కుంది. పరీక్షకు చదివే కార్లు. 2012లో అమెరికా సంస్థ ఐఐహెచ్ఎస్ కొత్త టెస్టు పెట్టింది, ముందు భాగంలో డ్రైవర్ వైపు 25 శాతం మాత్రమే తగిలేలా, 64 కి.మీ. వేగంతో. ఛాసీలోని ప్రధాన రైలు బయట నుంచి దెబ్బ పడుతుంది, చక్రం వెనక్కొచ్చి కాళ్ల దగ్గరికి చొరబడుతుంది. 2013 సివిక్‌కు "గుడ్" వచ్చింది, 2014 కొరోలాకు "మార్జినల్". తర్వాత చాలా కంపెనీలు బాడీ గట్టిపరిచాయి, కొన్ని డ్రైవర్ వైపు మాత్రమే! టెస్టు అటే కదా జరిగేది. అది బయటపడ్డాక పక్క సీటు వైపు కూడా టెస్టు పెట్టాల్సి వచ్చింది. టెస్టు పెట్టకముందే రెండు వైపులా గట్టిగా కట్టిన మోడల్ ఏదో వెతికితే అదే నా లెక్కలో గొప్ప కారు.

పానా_పట్టు:

గేరు గారి మాట ఒప్పుకుంటున్నా, మారకపోవడం గొప్ప అని నేను అనలేదు.

అవార్డుల సంగతి కూడా ఒక ముక్క. ఫోర్డ్ 1.0 ఈకోబూస్ట్ 2012, 2013, 2014 వరసగా మూడేళ్లు ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్. నడపడానికి నిజంగా ముచ్చటైన ఇంజిను, అందులో సందేహం లేదు. కానీ టైమింగ్ బెల్టు ఆయిల్లో నానుతూ తిరుగుతుంది. ప్యూజో, సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్‌లోనూ అంతే.

ఎలా చెడుతుందంటే: తక్కువ దూరాలు తిరిగే బండిలో ఇంజిన్ సరిగా వేడెక్కదు, కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. పెట్రోలు కలిసిన ఆయిల్లో రబ్బరు ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది, పీలికలు రాలుతుంది. ఆ పీలికలు సంపులో ఆయిల్ పికప్ జల్లెడకు అడ్డం పడతాయి. ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. బెల్టు తెగక్కర్లేదు, దానికంటే ముందే టర్బో, క్రాంక్ బేరింగులు పోతాయి. ప్యూర్‌టెక్‌లో ఆయిల్ పోసే మూత తీసి అక్కడ కనిపించే బెల్టు మీద గేజి పెట్టి వెడల్పు చూస్తారు, గేజిలో పట్టకపోతే ఉబ్బిందన్నమాట. తర్వాతి వెర్షన్లలో రెండు కంపెనీలూ చైన్‌కు మారాయి. అదే వాళ్ల ఒప్పుకోలు అనుకోండి.

ఇలాంటి ఇంజిన్ ఉన్నవాళ్లు ఆయిల్ గ్రేడు ఒక్కటే చూసి పోయొద్దు. 5డబ్ల్యూ-30 అని డబ్బా మీద ఉంటే సరిపోదు, కంపెనీ స్పెసిఫికేషన్ కోడ్ కూడా ఉండాలి. మాన్యువల్లో ఏడాది లేదా ఇన్ని కి.మీ. అని ఉంటే ఏది ముందొస్తే అది, సిటీ తిరుగుడయితే సగానికే మార్చండి.

రహదారి_77:

అందరికీ థ్యాంక్స్ అండీ, ఇదే కావాలనుకున్నా. ఇప్పుడు ఆచరణకు వద్దాం. ఎనిమిదేళ్ల వయసు, లక్షా ఇరవై వేల కి.మీ. తిరిగిన బాగా అమ్ముడైన పెట్రోల్ ఆటోమేటిక్ ఒకటి ముందుంది అనుకుందాం. గంట సమయం, ఒక స్కానరు (కారు కంప్యూటరులోని అంకెలు, కోడ్‌లు చదివేది), ఒక మల్టీమీటరు ఉన్నాయి. పైన చెప్పినవన్నీ ఎలా పట్టుకోవాలి? హైబ్రిడ్ అయితే ఏం మారుతుంది?

పానా_పట్టు:

ముందు షరతు: బండి చల్లగా ఉండాలి. మీరు వెళ్లేసరికే వేడెక్కించి పెడితే ఇంకోరోజు రమ్మంటారా అని అడగండి.

స్టార్టు చేయకముందే డిప్‌స్టిక్ చూడండి. మినిమమ్ నుంచి మ్యాగ్జిమమ్‌కు సుమారు లీటరు తేడా. గీతకు మరీ పైన ఉండి పెట్రోలు వాసనొస్తే అదీ అనుమానమే. రిజర్వాయరులో కూలెంట్ రంగు, మట్టం చూడండి. తుప్పు రంగు నీళ్లుంటే ఎవరో కూలెంట్ బదులు నీళ్లతో నడిపారు. అలాంటిచోట రేడియేటర్, వాటర్ పంపు రెండూ అనుమానించాలి.

స్టార్టు చేసినప్పుడు చెవి టైమింగ్ కవరు వైపు పెట్టండి. ఒక్క సెకను గలగల వినిపించి ఆగితే టెన్షనరులోకి ఆయిల్ ఎక్కడం ఆలస్యమైంది, అంతవరకు సరే. నాలుగైదు సెకన్లు కొనసాగితే టైమింగ్ చైన్ సాగిందని అనుమానించాలి. స్కానరులో కామ్-క్రాంక్ పొందిక ఎర్రర్ కోడ్ వచ్చి ఉంటే ఇక చర్చ లేదు.

ఇంజిన్ వేడెక్కాక లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి. అటో ఇటో 10 శాతం లోపు ఉంటే మామూలే. ప్లస్ 15 దాటి, ఆర్‌పీఎం పెంచితే తగ్గుతోందంటే ఎక్కడో గాలి లీకు. పెంచినా తగ్గకపోతే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు వైపు చూడాలి. కోడ్‌లన్నీ శుభ్రంగా ఉన్నాయని సంతోషించకండి. మానిటర్లు (బండి తన భాగాలను తానే చూసుకునే పరీక్షలు) "నాట్ రెడీ" అని ఉంటే పొద్దున్నే ఎవరో చెరిపేసి ఉండొచ్చు.

బ్యాటరీ: ఆఫ్‌లో 12.4 వోల్టుల పైన, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య. కొత్త బండ్లలో ఆల్టర్నేటరును కంప్యూటరే పెంచి తగ్గిస్తుంది కాబట్టి కాసేపు కింద చూపించినా కంగారొద్దు. లాక్ చేసి అరగంట వదిలేశాక కరెంటు లాగుడు 50 మిల్లీయాంపులకు మించకూడదు.

బాడీకి ఎక్కువ సమయం ఇవ్వండి. ఇంజిన్ మార్చొచ్చు, షెల్లు మార్చలేం. ఫ్యాక్టరీ పెయింటు మందం మామూలుగా 90 నుంచి 150 మైక్రాన్లు. ఒక డోరు 300 చూపిస్తే మళ్లీ రంగేశారు, వెయ్యి దాటితే పుట్టీ. డోర్ల కింది అంచులో నీళ్లు పోయే సందుల్లో వేలు పెట్టి చూడండి. మట్టి పట్టి మూసుకుంటే నీళ్లు లోపలే నిలుస్తాయి, తుప్పు లోపలినుంచి మొదలవుతుంది, బయట బుడగ కనిపించేసరికి రేకు అయిపోయినట్టే. విండ్‌షీల్డ్ కింద ఆకులు చేరే చోటు, డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంత, అవి కూడా. స్టెప్నీ గుంతలో తడి ఉంటే టెయిల్ లైటు గాస్కెట్టుతో మొదలుపెట్టండి.

డోరు, బాడీ మధ్య వైర్లు పోయే రబ్బరు గొట్టం వంచి చూడండి. పాత బండ్లలో పవర్ విండో, స్పీకర్ సమస్యల్లో సగం అక్కడ తెగిన వైరే.

కిలోవాటు:

హైబ్రిడ్ సంగతి నేనందుకుంటా. ప్రియస్ 1997 నుంచి ఉన్న పద్ధతిలో గేర్‌బాక్సని పిలిచేదాంట్లో బెల్టు లేదు, క్లచ్ ప్యాకులు లేవు. ఒక ప్లానెటరీ గేర్ సెట్టు, రెండు మోటార్లు. పేరు ఈ-సీవీటీ కాబట్టి మామూలు బెల్టు సీవీటీతో (మెట్టు మెట్టుగా గేర్లు లేకుండా బెల్టుతో వేగం మార్చే గేర్‌బాక్సుతో) పోల్చి భయపడక్కర్లేదు. స్టార్టర్ లేదు, ఆల్టర్నేటర్ లేదు, బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి.

బలహీనత బ్యాటరీ చల్లదనంలో ఉంది. వెనక సీటు పక్కనో కిందో ఒక జాలీ ఉంటుంది, దానిలోంచి ఫ్యాను గాలి లాగి బ్యాటరీ మీదికి పంపుతుంది. దుమ్ము, కుక్క వెంట్రుకలు, దుప్పటి నూగు పట్టి అది మూసుకుపోతే సెల్లులు వేడెక్కి ఒక్కొక్కటే బలహీనపడతాయి. జాలీ తీసి చూడండి. దాని వెనక బూడిదరంగు నూగు మందంగా ఉంటే ఆ బ్యాటరీని అనుమానించాలి. స్కానరులో బ్లాకుల (సెల్లుల గుంపుల) వోల్టేజీలు పక్కపక్కన పెట్టి, గట్టిగా ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు ఏదో ఒక్క బ్లాకు మిగతావాటికంటే బాగా కిందికి జారుతోందేమో చూడాలి.

పూర్తి ఎలక్ట్రిక్ కార్లకూ ఇదే సూత్రం. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ బ్యాటరీకి నీళ్ల కూలింగు లేదు, వేడి ప్రాంతాల్లో కెపాసిటీ తొందరగా తగ్గింది. లిక్విడ్ కూలింగ్ ఉన్నవి మెరుగ్గా నిలబడ్డాయి. అమ్మకాల్లో ముందుండటం లీఫ్‌కేం సాయం చేయలేదు. టెస్లా మోడల్ వై 2020లో మొదలైంది. దాని మీద తీర్పు చెప్పడానికి ఇంకా పదేళ్లు ఆగాలి, ముఖ్యంగా వెనక భాగం పెద్ద అల్యూమినియం పోతగా ఉన్న బండ్లు నాలుగైదు చేతులు మారి, గుద్దుకుని, బాగుచేయించుకున్నాక.

రహదారి_77:

ఒక్క చివరి ప్రశ్న. ఆ ఆటోమేటిక్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడూ మార్చలేదట, "లైఫ్‌టైమ్ ఫిల్" అని చెప్పారట. ఇప్పుడు మారిస్తే గేర్లు జారతాయని ఇంకొకరు భయపెడుతున్నారు.

కామ్‌లోబ్:

లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్ అన్నది రాయరు :) వేడికి ఆయిల్ పాడవుతుంది, క్లచ్ పొడి దాంట్లో కలుస్తుంది, అది మార్చలేని ప్రకృతి ధర్మం. 60 వేల నుంచి లక్ష కి.మీ. మధ్య మార్చడం మంచిది.

భయపెట్టినాయన మాటలోనూ కొంత ఉంది. మార్చకముందే గేర్లు జారుతుంటే ఆయిల్ మార్చినా బాగుపడదు, ఆ జారుడికి కొత్త ఆయిల్‌ను తిడతారు. ముందు నడిపి చూడండి. చల్లగా ఉన్నప్పుడు రివర్స్‌లో వేస్తే రెండు సెకన్ల లోపు పట్టాలి, గేరు మారేటప్పుడు ఆర్‌పీఎం ఊరికే ఎగరకూడదు. ఆ రెండూ సరిగా ఉంటేనే ముందుకెళ్లండి.

మెషీన్ పెట్టి ప్రెషర్‌తో ఫ్లష్ చేయించొద్దు. అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలోకి (గేర్లు మార్చడానికి ఆయిల్‌ను మళ్లించే భాగంలోకి) పోతుంది. డ్రెయిన్ చేసి పోయడమే మేలు. మొత్తం 7 లీటర్లు పట్టే బాక్సులో ప్లగ్ తీస్తే వచ్చేది 3 లీటర్లే, మిగతాది ఎక్కువగా టార్క్ కన్వర్టర్లో (ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు ఆయిల్‌తో జోడించే భాగంలో) ఉంటుంది. వెయ్యి కి.మీ. ఎడంతో మూడుసార్లు అలా చేస్తే పాత ఆయిల్ అయిదో వంతుకంటే తక్కువ మిగులుతుంది. మొదటిసారి పాన్ దించి ఫిల్టరు, గాస్కెట్టు కూడా మార్చండి. మట్టం చూసేది ఇంజిన్ నడుస్తుండగా, బండి సమతలంగా ఉండగా, కంపెనీ చెప్పిన ఆయిల్ ఉష్ణోగ్రతలో. చాలా బాక్సుల్లో అది 35-45 డిగ్రీల మధ్య. స్కానరులో ఆ అంకె చూసుకుంటూ చెక్ ప్లగ్ తీయాలి, సన్నని ధారగా కారి చుక్కలకు తగ్గగానే మూసేయాలి. బెల్టు సీవీటీ, డ్యూయల్ క్లచ్ అయితే వాటి ఆయిల్ వేరు, "అన్నిటికీ సరిపోతుంది" అని రాసిన డబ్బా జోలికి పోవద్దు.

పానా_పట్టు:

పాన్ దించినప్పుడు అడుగున ఉండే అయస్కాంతాలు తుడిచేయకముందు ఒకసారి చూడండి. మెత్తటి బూడిదరంగు ముద్ద వేళ్ల మధ్య కాటుకలా జారితే మామూలే, లక్ష దాటిన ప్రతి బాక్సులోనూ ఉంటుంది. గరుకుగా తగిలే మెరుపు ముక్కలుంటే ఆ బండి తీసుకోవద్దు, మోడల్ ఏదైనా సరే.